నాలుగింటి జవాబు

జూన్ 4

బావగారికి,

మీరు నవ్వేస్తే నవ్వేశారు గానీ, సూటిగా చెప్పేస్తున్నాను. నేను హామ్ రేడియో లైసెన్సుకి పరీక్ష రాస్తున్నాను. పెద్దది కాదు, అన్నిటికన్నా కింది మెట్టుది. నవ్వడం అయ్యాక మిగతాది చదవండి.

ఇది ఫోనులో చెప్పచ్చు. కానీ ఫోనులో మీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం మీరే కల్పించుకుంటారు. నేను గది మారానంటే గదిలో జారానని విని, కాలు కదపద్దని రెండు పేజీలు రాశారు. అందుకే ఉత్తరం.

ఈ కొత్త గది మూడో అంతస్తులో. కింద పాత రేడియోలు బాగుచేసే కొట్టు ఉంది. అక్క బల్ల మీద ఉండే సెట్టుకి చెల్లెల్లాంటిది ఒకటి ఆ కొట్టు అద్దంలో రెండు నెలలు కనిపించింది. వినడానికే తప్ప మాట్లాడడానికి పనికిరాదు. చివరికి కొనేశాను. కిటికీలోంచి తీగ లాగి ఎదురు పిట్టగోడ గొట్టానికి కట్టాను.

ఎందుకంటారా? అక్క పోయి మూడేళ్ళయింది. అంతకుముందు ఏడాది నేను ఎన్నిసార్లు ఫోను చేసినా తను తియ్యలేదు. మీరే తీసి, "సెట్టు దగ్గరుందమ్మా" అనేవారు. ఊరూ పేరూ తెలియని వాళ్ళకి గంటలు ఇస్తుంది, తోడబుట్టినదానికి ఐదు నిమిషాలు ఇవ్వదా అని నేనూ మానేశాను. ఆ సెట్టులో అంత ఏముందో ఇప్పుడు చూడాలని ఉంది. చూసి ఇంకాస్త తిట్టుకోవడానికే అనుకోండి.

మా అద్దాల షాపులో పని మూడింటికి అయిపోతుంది. పొద్దుటినుంచీ కళ్ళద్దాల అంచులు అరగదీసి చెవుల్లో గీ అని మోగుతుంటుంది. నిన్న ఒక అంచు బొటనవేలు కోసింది కూడా. ఆ వేలితోనే నాలుగింటికి ముల్లు తిప్పుతుంటే ఒక ముసలావిడ దొరికింది. గరగరలోంచి మూడక్షరాలు పిలిచింది: "హోటల్, టాంగో, లీమా." అక్షరాలు తప్పు వినిపించకుండా అలా ఒక్కో మాట వాడతారట కదా. కాసేపు ఆగి, "ఆఁ, విన్నానే. మెట్లెక్కితే ఆయాసం రాదూ మరి?" అని నవ్వింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ ఏదో చెప్పింది. ఎదుటి మనిషి మాట ఒక్కటీ వినిపించలేదు. ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నట్టుంది. సెట్టు కట్టేశాను.

అక్క చదివిన పుస్తకం ఉంటే పంపండి. ఆ మూడక్షరాలు ఎవరివో తెలిస్తే చెప్పండి.

మీ మరదలు

జూన్ 12

మరదలికి,

నవ్వాను. మొదట నీకోసం, తరవాత సెట్టు కోసం.

పుస్తకం పంపుతున్నాను. మార్జిన్లలో ఉన్న పెన్సిలు గీతలు మీ అక్కవి. చెరపకు. సెట్టు మాత్రం గుడ్డ కప్పి అటక ఎక్కించాను, మూడేళ్ళుగా దించలేదు. నాకు నా కుట్టుమిషన్లు చాలు. నిన్న ఒకావిడ సూది ఉల్టా పెట్టుకుని మిషనులో దెయ్యం దూరిందని తెచ్చింది. సూది తిప్పి పెట్టాను. దెయ్యం పారిపోయింది.

మొదటి పాఠం. మూడు వందల్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. ఏడు మెగాహెర్ట్జ్ అయితే దాదాపు నలభై మూడు మీటర్లు. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

రెండో పాఠం, నీ ముసలావిడకి మందు. నీళ్ళ మీద పెంకు విసిరితే అది తగిలిన చోటే తడి, గెంతిన చోట ఏమీ ఉండదు కదా. రేడియో అల కూడా పైకెళ్ళి వంగి ఎక్కడో దూరాన దిగుతుంది. మధ్యలో ఉన్నవాళ్ళకి వినిపించదు. ఆవిడ అల నీ దగ్గర దిగుతోంది, ఆవిడకి జవాబిచ్చేవాళ్ళది నీ నెత్తి మీంచి గెంతిపోతోంది. అంతే.

ఆ అక్షరాలు ఎవరివో నాకేం తెలుసు? అలాంటివి వేలు. ఆ ముల్లు వదిలేసి వేరే చోట విను. టకటకల జోలికి, అదే మోర్సు జోలికి, పోకు. నీ పరీక్షకి అది అక్కర్లేదు.

బొటనవేలికి తడి తగలనివ్వకు.

నీ బావ

జూన్ 26

బావగారికి,

పుస్తకం అందింది. నలభయ్యో పేజీ దాకా వచ్చాను. వోల్టులు, ఆంపియర్లు, ఓములు ముగ్గురు తోడికోడళ్ళలా ఉన్నాయి. ఒకరు కదిలితే మిగతా ఇద్దరూ కదలాల్సిందే. మోర్సు అక్కర్లేదని ముందే తేల్చేశారే, నాకంత బుర్ర లేదనా?

అక్క గీతలు చెరపలేదు. ఒకచోట "ఇది నాకూ అర్థం కాలేదు" అని రాసుకుంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నా తీగ మీద ఒక పావురం వాలుతోంది. మామూలు పావురం కాదు, ఒంటికాలి పావురం. అది వాలినప్పుడల్లా సెట్టులో గరగర మారుతుంది. మా షాపు యజమాని కన్నా నియమంగా వస్తుంది.

మీరు వద్దన్నా నాలుగింటావిడని వింటూనే ఉన్నాను. రోజూ నాలుగింటికి ఆవిడే, ఆ మూడక్షరాలే. సోమవారం ఏమందో తెలుసా? "బొటనవేలు మానిందా? గాజు కోత పైకి చిన్నదే గానీ లోపల సలుపుతుంది" అంది.

నా వేలు అప్పుడే మానుతోంది. ఊళ్ళో గాజు కోసుకున్నదాన్ని నేనొక్కదాన్నేనా అని సర్దిచెప్పుకున్నాను. అయినా చెయ్యి ఒళ్ళో దాచుకున్నాను. ఆవిడ చూస్తోందేమో అన్నట్టు.

మీ మరదలు

జూలై 5

మరదలికి,

వేళ్ళున్న ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు తెగుతాయి. ఇది రహస్యం కాదు.

నీ బుర్ర మీద నాకేం అనుమానం లేదు. నా భయం నీ చెవుల గురించి. రోజంతా ఆ అరగదీసే మిషను దగ్గర కూచుని, ఇంటికొచ్చి ఒంటరిగా గరగర వింటే ఎవరికైనా ఏవో మాటలు వినిపిస్తాయి. మీ అక్క కూడా మొదట్లో ఫ్యాను చప్పుడులో పేర్లు వినేది. పరీక్ష అయ్యేదాకా సెట్టు కట్టెయ్యి. ఏంటెన్నా పాఠం చదువు. తీగ కరెంటు లైను దరిదాపుల్లో లేదు కదా? మార్కుల సంగతి తరవాత, ముందు ప్రాణం.

పావురం కాలు ఎలా పోయిందో కనుక్కో. అది చెప్పకపోతే నువ్వే ఒక కథ కట్టి రాయి. ఇక్కడ నాకు వేరే కాలక్షేపం లేదు.

నీ బావ

జూలై 19

బావగారికి,

నాకు పిచ్చి పట్టిందని పెద్దమనిషి తరహాలో చెప్పారు. సంతోషం.

పదకొండో తారీకున ఆవిడ పగలబడి నవ్వింది. "ఒంటికాలి పావురమా! నీ తీగ మీదే దొరికిందా దానికి చోటు?" అంది. బావా, ఆ పావురం సంగతి ఈ లోకంలో నేను ఒక్కరికే రాశాను. మీకు. నా ఉత్తరాలు మీరు ఎవరికి చదివి వినిపిస్తున్నారు? మీ కొట్టుకొచ్చే వాళ్ళకా? వాళ్ళలో ఎవరికైనా ఈవిడ తెలుసా? నా ఒంటరితనం మీకు నవ్వులాటగా ఉంటే చెప్పండి, రాయడం మానేస్తాను.

ఇంకో మాట. తీగ పొడవు పెంచాను. ఇప్పుడు ఆవిడ ఆగినప్పుడు ఆ ఖాళీలో ఒక చప్పుడు తెలుస్తోంది. చెక్కలో పురుగు తొలిచినట్టు, చాలా సన్నగా. అది ఆగగానే ఆవిడ మాట్లాడుతుంది. మీరు వద్దన్న టకటకలేనేమో. కింద కొట్టాయన దగ్గర మోర్సు పట్టీ తీసుకుని గోడకి అంటించాను.

ఈమధ్య నాలుగవుతుంటే గదిలో కూచోబుద్ధి కావట్లేదు, గది వదిలి వెళ్ళనూ బుద్ధి కావట్లేదు. నేను తాగిన టీ, నేను మారిన గది, నేనెక్కిన మెట్లు ఇంకెవరో ఎక్కడో బతుకుతున్నారు. బతికి ఆవిడకి చెబుతున్నారు. నేను వాళ్ళకి నీడనో, వాళ్ళు నాకు నీడో తెలియట్లేదు.

నిన్న ఆవిడ అడిగింది: "మీ చెల్లెలి పరీక్ష ఎప్పుడే?"

నాకు చెల్లెళ్ళు లేరు. నేను ఒక్కదానికే చెల్లెల్ని. ఆ ఒక్కతీ లేదు.

మీ మరదలు

జూలై 28

మరదలికి,

నీ ఉత్తరాలు నా బల్ల సొరుగులో తప్ప ఎక్కడా లేవు. నీ మీద నవ్వే మనిషిని కాను. అలా అనుకున్నందుకు బాధేసింది. ఇంతకన్నా రాయను.

పరీక్షకి రెండు పెన్సిళ్ళు పట్టుకెళ్ళు. తెలియని ప్రశ్న దగ్గర ఆగిపోకు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. పొద్దస్తమానం స్క్రూలు తిప్పితే ఇంతే.

నీ బావ

ఆగస్టు 16

బావగారికి,

పాసయ్యాను. యాభైకి నలభై నాలుగు.

రేడియో క్లబ్బు హాల్లో పెట్టారు. ఇనప కుర్చీలు, ఏడుగురం. పరీక్ష పెట్టిన పెద్దాయన కళ్ళద్దాల ఎడమ అంచు ఎవరో సరిగ్గా అరగదీయలేదు. సగం సేపు అదే చూస్తూ కూచున్నాను. ఇరవై మూడో ప్రశ్న: ఒకరికిచ్చిన కాల్‌సైన్, అదే పిలుపు అక్షరాలు, వాళ్ళు లేనప్పుడు ఇంట్లోవాళ్ళు వాడవచ్చా? వాడకూడదు. ఆ జవాబుకి గుండ్రంగా సున్నా చుట్టాను.

పరీక్షయ్యాక టీ తాగుతుంటే పెద్దాయన పాత రిజిస్టరు చూపించారు. లైసెన్సున్న ప్రతివాళ్ళ కాల్‌సైన్, పక్కనే పేరు. సరదాకి ఆ ముసలావిడ పిలిచే హెచ్ టీ ఎల్ వెతికాను. తీగ లాగితే డొంకంతా కదిలింది.

ఆ మూడక్షరాల పక్కన మా అక్క పేరు ఉంది.

ఇన్నేళ్ళలో తన కాల్‌సైన్ ఏమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇంట్లో అందరం "దాని పిచ్చి" అనేవాళ్ళం, అంతే.

ఇంటికొచ్చేసరికి నాలుగు. ఆవిడ పిలిచింది. ఖాళీలో చప్పుడు మొదలైంది. పెన్సిలు పట్టుకుని వచ్చింది వచ్చినట్టు రాశాను. నాలుగు చుక్కలు. ఒక గీత. చుక్క, గీత, చుక్క, చుక్క. గోడ మీది పట్టీ చూశాను. హెచ్. టీ. ఎల్. పెన్సిలు కింద పడింది, తీసుకోలేదు.

బావా, నా ప్రాణం మీద ఒట్టేసి చెప్పండి. ఆవిడకి ఎవరు జవాబిస్తున్నారు?

మీ మరదలు

ఆగస్టు 24

తల్లీ,

నేనే.

దొంగకి తేలు కుట్టినట్టు ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను. ఇప్పుడు మొదటినుంచీ చెబుతాను. చదివాక నన్ను ఏమన్నా పడతాను.

ఆవిడ మీ అక్కకి ఇరవై రెండేళ్ళ స్నేహితురాలు. ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఎక్కడో కొండవాలున ఒంటరి ఇల్లు. మోకాళ్ళు పనిచెయ్యవు, చూపు సగం పోయింది. రోజూ నాలుగింటికి మీ అక్కతో మాట్లాడడమే ఆవిడకి మిగిలిన లోకం.

నీకు చెప్పనిది ఒకటుంది. మీ అక్క గొంతు ఆఖరి పది రోజుల్లో పోయిందని నీకు చెప్పాం. అది పోయింది ఏడాది ముందే. ఎవరికీ చెప్పనివ్వలేదు, నీకు అసలు చెప్పనివ్వలేదు. "అది వింటే పరిగెత్తుకొస్తుంది, ఉద్యోగం పోగొట్టుకుంటుంది" అని పలక మీద రాసి చూపించింది. నీ ఫోను మోగినప్పుడల్లా పక్కనే కూచుని నువ్వు మాట్లాడేది వినేది. నేను సెట్టు దగ్గరుందని అబద్ధం చెప్పేవాణ్ణి. నువ్వు పెట్టేశాక కూడా రిసీవరు నా చేతిలోంచి తీసుకుని కాసేపు చెవి దగ్గర పెట్టుకునేది.

సెట్టులో మాత్రం గొంతు అక్కర్లేదు. మీట మీద టకటక కొట్టేది. ఆవిడ నోటితో చెబితే ఈవిడ వేలితో జవాబిచ్చేది. ఈవిడ పక్కన కూచుని కూచుని నేనూ నేర్చుకున్నాను.

మీ అక్క పోయిన మర్నాడు నాలుగింటికి సెట్టు పెట్టాను. చావు కబురు చెబుదామనే పెట్టాను. ఆవిడ "ఏమే, నిన్న రాలేదేం? హడలి చచ్చాను" అంది. నా వేలు మీట మీద పడింది. "ఒంట్లో బాగాలేదు" అని కొట్టాను. అంతే. మర్నాడు చెబుదామనుకున్నాను. మూడేళ్ళయింది. మీ అక్క టీ అక్షరంలో ఆ ఒక్క గీతనీ సాగదీసేది. అది కూడా పట్టుకున్నాను. అటక మీద ఉందన్న సెట్టు ఏనాడూ అటక ఎక్కలేదు.

నా బతుకులో చెప్పడానికి ఏముంది? సూది, దారం, మిషను. మీ అక్క నోట ఆ మాటలు నప్పేవి కావు. రోజూ వాతావరణం చెప్పి చెప్పి ఆవిడకే విసుగొచ్చింది. అప్పుడు నువ్వు గది మారావన్న కబురూ, వెనకే నీ ఉత్తరాలూ వచ్చాయి. కొత్త గది, మెట్లు, తెగిన వేలు, పావురం. నీ బతుకు తీసి మీ అక్కకి తొడిగాను. నాలుగింటికి పావుగంట సేపు మీ అక్క మెట్లెక్కేది, టీ తాగేది. దొంగతనమే. కాదనను.

ఆవిడకి మాత్రం చెప్పకు. ఎనభై దాటిన మనిషి, తట్టుకోలేదు. నేనే ఏదో ఒక రోజు చెబుతాను.

నీ బావ

సెప్టెంబరు 5

బావగారికి,

మీ ఉత్తరం చదివాను. షాపులో ఒక జత అద్దాలు తలకిందులుగా బిగించి పంపించాను. వాళ్ళు తిరిగొచ్చి అరిచారు.

కోపం మీ మీద కాదు. ఫోను మానేసిన నా మీద. అది రాస్తే ఈ కాగితం చాలదు. వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

ఆవిడకి చెప్పను. నిజానికి మీరిప్పుడు బాగా కొడుతున్నారు కూడా. దొంగతనం ఒప్పుకున్నాక మనసు తేలికపడ్డట్టుంది. వారం రోజులుగా మీ టకటకలు ఎంత గట్టిగా, శుభ్రంగా వినిపిస్తున్నాయో! పురుగు తొలిచినట్టు కాదు, పక్కగదిలో తలుపు తట్టినట్టు. గరగర కూడా లేదు. ఆవిడ ఎంత పొంగిపోయిందని! "ఎన్నాళ్ళకి నీలా కొట్టావే" అంది. పావురం ఊసూ నా మెట్ల ఊసూ మానేశారు. మీ ఇద్దరి పాత సంగతులేవో చెబుతున్నట్టున్నారు, ఆవిడ ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. నా చేత్తో రాసుకుంటున్నా గానీ వేగం అందట్లేదు. నేర్పిస్తారా?

నా లైసెన్సు వచ్చింది. కాల్‌సైన్ ఈ కాగితం వెనక రాశాను. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. క్లబ్బు పెద్దాయన మాట్లాడే సెట్టు ఒకటి అరువిచ్చారు. బిగించాను గానీ మీట నొక్కడానికి ఇంకా ధైర్యం చాలలేదు. నొక్కితే ముందు మీతోనే.

మీ మరదలు

సెప్టెంబరు 12

అమ్మా,

ఇది మీ బావగారు చెబుతుండగా ఆసుపత్రి నర్సును రాస్తున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాయమన్నారు.

మరదలా, కంగారు పడకు. ప్రాణానికి భయం లేదంటున్నారు. ఆగస్టు ఇరవయ్యారున మధ్యాహ్నం కొట్లో పడిపోయాను. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది, ఈ అమ్మాయి ఓపిగ్గా వింటోంది. నీ ఉత్తరం పక్కింటివాళ్ళు నిన్న తెచ్చిచ్చారు. అంతవరకూ నా మాట ఎవరికీ అందక నీకు కబురు పెట్టలేకపోయాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను.

ఇరవయ్యారు నుంచి నేను ఈ మంచం దిగలేదు. ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి నా తలగడ కింద ఉంది. ఇప్పుడే ఈ అమ్మాయి చేత తీయించి చూశాను. సెట్టుకి కరెంటు కూడా లేదు, ఆ రోజు పొద్దున ప్లగ్గు నేనే పీకాను. అదీగాక, మా ఊరి నుంచి నా టకటక నీకు తలుపు తట్టినట్టు వినిపించే వీలే లేదు. ఎందుకో రెండో పాఠంలో చెప్పాను.

మరి నువ్వు విన్నది ఎవర్ని?

ఎవరో ఆకతాయి ఆ కాల్‌సైన్ వాడుతున్నాడేమో. ఆవిణ్ణి మోసం చేస్తున్నాడేమో. మోసం నాతో పోవాలి. నీకు లైసెన్సు ఉంది. నాలుగింటికి నీ పేరుతో, నీ గొంతుతో ఆవిడకి నిజం చెప్పెయ్యి. నా వంతు క్షమాపణ కూడా చెప్పు.

(ఆయన ఇక్కడ ఆపేశారు. మీరు వీలైనంత త్వరగా వస్తే మంచిది. పగలంతా బాగానే ఉంటున్నారు. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి ఎడమచేతి వేలు మంచం పట్టీ మీద కొట్టుకుంటూ ఉంటారు. — నర్సు)

సెప్టెంబరు 18

బావగారికి,

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. షాపులో సెలవు పెట్టాను. ఈలోగా ఇది మీ చేతికి అందాలని రాస్తున్నాను. నర్సమ్మ గారూ, ఆయన కళ్ళు మూసుకున్నా ఆపకుండా చదవండి.

నిన్న నాలుగింటికి ముందే సెట్టు ముందు కూచున్నాను. ఆవిడ పిలిచింది. టకటకలు మొదలయ్యేలోపే మీట నొక్కి నా కాల్‌సైన్ చెప్పాను. నా గొంతు నాకే పరాయిదానిలా ఉంది. "నేను హెచ్ టీ ఎల్ చెల్లెల్ని" అన్నాను.

చాలాసేపు గరగర. తరవాత, "పాసయ్యావన్నమాట" అంది ఆవిడ.

"మీకొక నిజం చెప్పాలండీ. మా అక్క..."

"మూడేళ్ళ కిందటే పోయింది. తెలుసమ్మా."

ఆవిడే చెప్పింది. "మర్నాడు నాలుగింటికి మీట మీద పడ్డ చెయ్యి మగవాడిది. కుట్టుమిషను తొక్కినట్టు ఒకటే పరుగు. ఇరవై రెండేళ్ళు విన్న చెయ్యి నాకు తెలీదా? టీ గీత సాగదీసి నన్ను నమ్మించాలని చూశాడు, పాపం. ఒంటిగాడయ్యాడు, నాలుగింటికి ఒక పనంటూ ఉంటే బతుకుతాడు అనుకున్నాను. నేను నమ్మినట్టు నటించాను. మీ పావురం మాత్రం భలే ఉందే."

ఇద్దరూ ఒకరికోసం ఒకరు మూడేళ్ళు నాటకం ఆడారు బావా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ నేను అడగాల్సింది అది కాదు.

"ఆయన ఆగస్టు ఇరవయ్యారు నుంచి ఆసుపత్రిలో ఉన్నారు. మరి ఈ మూడు వారాలు మీతో మాట్లాడింది ఎవరు?" అన్నాను.

"ఇరవయ్యారున ఎవరూ రాలేదు. ఇరవయ్యేడునా రాలేదు. ఆయనకేదో అయిందని తెలిసింది. ఇరవై ఎనిమిదిన తనే వచ్చింది."

"తనంటే?"

"ఎవరని చెప్పను? నీకు అక్క, నాకు స్నేహితురాలు."

"మీకు భయం వెయ్యలేదా?"

"నాకు ఎనభయ్యారేళ్ళు. మూడేళ్ళు లేనిదాన్ని ఉన్నట్టు నటించాను. ఇప్పుడు వచ్చినదాన్ని లేనట్టు నటించమంటావా?" అని, గొంతు తగ్గించి, "ఉండు, వస్తోంది. నువ్వే తీసుకో" అంది.

గదిలో ఎండ అలాగే ఉంది. కింద కొట్టాయన ఎవరితోనో బేరమాడుతున్నాడు. సెట్టులో గరగర ఒక్కసారిగా ఆగిపోయింది, ఎవరో కిటికీ మూసినట్టు. తరవాత టకటకలు. నెమ్మదిగా, నాలాంటి కొత్తదానికి అందేలా. మొదట నా కాల్‌సైన్ వచ్చింది. పదిహేను రోజుల కిందట పుట్టిన కాల్‌సైన్. అందులో టీ లేదు, అక్కలా సాగదీసిందో లేదో సరిచూసుకోవడానికి కూడా వీల్లేదు. తరవాత రెండు మాటలు. అక్షరం అక్షరం పేర్చుకుని చదివాను.

"బావ ఏరి."

మీట నొక్కి "అక్కా" అన్నాను. కాసేపాగి మళ్ళీ అవే రెండు మాటలు. ఆ తరవాత గరగర తిరిగొచ్చింది.

లాగ్‌బుక్కు తీసి తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, ఎదుటి కాల్‌సైన్ రాశాను. సిగ్నల్ ఎలా ఉందన్న గడిలో "స్పష్టంగా" అని రాశాను.

బావా, నేనింకా జవాబు చెప్పలేదు. మీరు ఫలానా ఆసుపత్రిలో, ఫలానా మంచం మీద ఉన్నారని చెబితే వెతుక్కుంటూ అక్కడికి వస్తుందేమోనని ఒక భయం. చెప్పకపోతే తాళం వేసిన ఆ ఇంట్లో మీకోసం అలాగే కూచుంటుందేమోనని ఇంకో భయం. ఇవాళ నాలుగింటికి సెట్టు పెట్టలేదు. మంచం చివర కూచుని దానివంక చూశాను.

ఎల్లకాలం అలా చూస్తూ ఉండలేను. ఏం చెప్పమంటారు?

మీ మరదలు

సెప్టెంబరు 20

మరదలికి,

ఇది నేనే రాస్తున్నాను, ఎడమచేత్తో. కోడి కెలికినట్టుంటే సర్దుకో. నువ్వు శనివారం ఎలాగూ వస్తున్నావని తెలుసు. అయినా ఇది నోటితో చెప్పలేను. నువ్వు బస్సెక్కేలోపు అందేలా పక్కింటి లారీ ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. చదివి, శుక్రవారం నాలుగింటికి సెట్టు పెట్టు.

కులాసాగానే ఉన్నానని చెప్పు.

ఈమధ్యే ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంటున్నానని, సగం చొక్కా మీదే పోతోందని చెప్పు. తను నవ్వుతుంది.

కొట్లో ఎవరివో తొమ్మిది మిషన్లు విప్పి పడున్నాయని, అవి బిగించి ఇవ్వకుండా ఎక్కడికీ రావడం కుదరదని చెప్పు.

తొందరేమీ లేదని చెప్పు. ఆ మాట మాత్రం నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడిగా, రెండుసార్లు చెప్పు. విందో లేదో అడిగి, విన్నానని తను కొట్టేదాకా సెట్టు కట్టెయ్యకు.

నీ బావ